తెలుగు బడి పేజీకి శీర్షిక, వివరణ: కొరాపుట్, రాయగడ అనుభవం



"ఈ క్రింది పేరాను చదివి, దానికి తగిన శీర్షిక పెట్టండి" అన్న ప్రశ్న మన తెలుగు ప్రశ్నపత్రాలలో ఏటా ఉంటుంది. దానికి రెండు మార్కులు. సుమారు ముప్పయి ఏళ్లుగా ఆ జవాబులు దిద్దుతున్నాను. పేరా ఊరి చెరువు పూడిపోవడం గురించి అయితే, "చెరువు" అని వ్రాసిన వానికి ఒక మార్కు, "మా ఊరి చెరువు పూడిక" అని వ్రాసిన పిల్లకు రెండు మార్కులు వేస్తాను. పిల్లల దగ్గర ఇంత నిక్కచ్చిగా ఉండే మనం, మన పాఠశాలకో తెలుగు సంఘానికో అంతర్జాలంలో ఒక పేజీ తెరచినప్పుడు దానికి పెట్టే శీర్షికలు ఎలా ఉంటున్నాయో గమనించండి. "హోమ్." "స్వాగతం." "మా గురించి." వీటికి నేనైతే అర మార్కు కూడా వేయను.

ఇది ముచ్చట కోసం చెబుతున్న మాట కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు, అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నంతో కలిసి ఉన్న జయపురం సంస్థానపు ప్రాంతం కొరాపుట్ జిల్లా అయినది. ఆనాటి నుండి ఇక్కడి తెలుగువారి పిల్లల చదువు అల్పసంఖ్యాక భాషలో చదువు అయినది. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956లో ఏడవ సవరణతో వచ్చినది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతున్నది. అధికరణం ఉన్నది, సంతోషమే. కానీ తరగతిలో పిల్లలు ఉంటేనే ఉపాధ్యాయుడు ఉంటాడు. ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసిన నాడు హాజరుపట్టీలో ఎనిమిది పేర్లే ఉంటే, ఆ ఖాళీని నింపమని ఏ ముఖంతో అడుగుతాం? ఒకప్పుడు బడి ఎక్కడ ఉన్నదో పక్కింటివారు చెప్పేవారు. ఈనాడు బదిలీ మీద వచ్చిన తండ్రి రైలు దిగకముందే ఫోనులో వెదుకుతున్నాడు. ఆ వెదుకులాటలో మన బడి కనిపించకపోతే, అతని మట్టుకు అది లేనట్టే.

ముందుగా, ఈ విషయం కొత్తగా వింటున్నవారి కోసం రెండు మాటలు. పేజీ శీర్షిక అంటే పేజీ తెరిచాక పైన పెద్ద అక్షరాలలో కనిపించేది కాదు. అది వేరు. పేజీ తయారుచేసే వ్యక్తి దాని తలభాగంలో విడిగా వ్రాసి పెట్టే పంక్తి ఇది. వెదికినప్పుడు ఫలితాలలో నీలి రంగులో, నొక్కడానికి వీలుగా వచ్చేది సాధారణంగా ఈ పంక్తియే. దాని క్రింద చిన్న అక్షరాలలో వచ్చే రెండు మూడు పంక్తులకు ఉపయోగపడేటట్లు వ్రాసిపెట్టేది వివరణ. ఈ రెండింటినీ చూసే తండ్రి లోపలికి రావాలో వద్దో నిర్ణయించుకుంటాడు. మనం వ్రాసినది వ్రాసినట్లే చూపించాలన్న నియమం ఏదీ గూగుల్‌కు లేదు. 2021 ఆగస్టులో ఆ సంస్థ తన పద్ధతి మార్చుకున్నది. శీర్షిక పేజీకి తగినట్లు లేదని తోస్తే, పేజీలోని పెద్ద అక్షరాల తలకట్టునో మరొక మాటనో తీసుకొని చూపుతున్నది. వివరణ సంగతీ అంతే. వెదికిన వానికి పేజీలోని వాక్యమే ఎక్కువ పనికివస్తుందనుకుంటే దానినే చూపుతుంది. కనుక తలకట్టు, శీర్షిక ఒకే విషయం చెప్పేటట్లు చూసుకోవడం మేలు.

ఇక మన జిల్లాల అసలు చిక్కు పేర్లతో ఉన్నది.

రాయగడను తీసుకోండి. మన రాయగడ 1992 అక్టోబరు 2న కొరాపుట్ నుండి విడిపోయి జిల్లా అయినది. మహారాష్ట్రలో ఒక రాయగడ్ ఉన్నది, శివాజీ 1674లో పట్టాభిషిక్తుడైన కోట అది. దాని పేరుతో జిల్లా కూడా ఉన్నది. ఛత్తీస్‌గఢ్‌లో మరొక రాయగఢ్ ఉన్నది. కాగితం మీద చివరి అక్షరం తేడా తెలుస్తుంది గాని, ఫోను దగ్గర నోటితో పలికితే మూడూ ఇంచుమించు ఒక్కటే. కాగితపు మిల్లులో పనికి వచ్చిన ఒక తండ్రి నాతో చెప్పినాడు: "మాస్టారూ, రాయగడ తెలుగు స్కూల్ అని అడిగితే నాకు కోట మెట్లు చూపించింది." నవ్వుకున్నాం. అయితే ఆయన కొడుకు ఆ ఏడు ఇంగ్లీషు మీడియంలో చేరినాడు. చేరిన రెండు నెలలకు గాని మా బడి ఉన్నదని ఆయనకు తెలియలేదు.

జయపురం కథ ఇంకా విచిత్రం. మన పెద్దలు జయపురం అంటారు. ఒడియావారు జయపుర అంటారు. ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కొని చదివేవారు జైపూర్ అంటారు. ఆ మాట వ్రాసినవానికి రాజస్థాన్ కోటలు, గులాబి రంగు మేడలు ప్రత్యక్షమవుతాయి! గుణుపురం, గుణుపూర్ అని రెండు వాడుకలు. కొరాపుట్ అని కొందరు, కోరాపుట్ అని కొందరు. రాష్ట్రం పేరైనా ఒకే తీరుగా ఉన్నదా? 2011 నవంబరు నుండి అధికారికంగా ఒడిశా. కానీ మన ఇళ్లలో ఇప్పటికీ ఒరిస్సాయే. ఒడిషా అని వ్రాసేవారూ ఉన్నారు.

ఇందుకు నేను చెప్పే ఉపాయం చిన్నది. శీర్షికలో ఊరి పేరు ప్రక్కనే రాష్ట్రం పేరు ఉండాలి. "రాయగడ, ఒడిశా" అన్న రెండు మాటలతో కోట మెట్లు తప్పుకుంటాయి. జయపురానికి "జయపురం, కొరాపుట్ జిల్లా" అంటే చాలును. మిగిలిన రూపాలను శీర్షికలో కుక్కనక్కరలేదు. పేజీ లోపల మొదటి పేరాలో "జైపూర్ అని కూడా పిలిచే జయపురం" అని సహజంగా ఒకసారి వ్రాయండి. కొందరు మిత్రులు పేజీ తలభాగంలో వెదుకుడు మాటల పట్టిక ఒకటి ఏర్పరచి అందులో అన్ని రూపాలూ పోస్తుంటారు. ఫలితాల వరుస నిర్ణయించడంలో ఆ పట్టికను తాము లెక్కలోకి తీసుకోమని గూగుల్ 2009లోనే చెప్పినది. ఆ శ్రమ వృథా.

ఇప్పుడు తెలుగు ఉపాధ్యాయులుగా మనమే బాగా గ్రహించగలిగిన ఒక విషయానికి వస్తాను. నన్నీ వ్యాసం వ్రాయడానికి పురికొల్పినదీ అదే.

ఫలితాలలో శీర్షికకు చోటు కొద్దిగానే ఉంటుంది. దానికి ఇన్ని అక్షరాలు అన్న గట్టి హద్దు లేదు. తెర వెడల్పును బట్టి, పట్టినంత చూపి మిగిలినది కోసి మూడు చుక్కలు పెడతారు. కోత ఎప్పుడూ చివరనే. మన భాషలో క్రియ వచ్చేది చివరనే. అవునో కాదో, ఉన్నదో లేదో, చేస్తారో చేయరో తెలుగు వాక్యం ఆఖరి మాటలో గాని చెప్పదు. కథ చెప్పేటప్పుడు ఇది మన భాషకు అందం. శీర్షిక దగ్గర మాత్రం గండం.

మా ప్రాంతంలో ఒక పాఠశాల (పేరు అనవసరం) తెలుగు విభాగం ఎత్తివేస్తారని ఒక వేసవిలో పుకారు పుట్టినది. దానిని ఖండిస్తూ ప్రధానోపాధ్యాయులవారు పేజీ పెట్టించినారు. దాని శీర్షిక ఇది: "మన పాఠశాలలో ఆరవ తరగతి తెలుగు విభాగం ఈ విద్యా సంవత్సరం నుండి మూసివేయబడుతున్నదన్న ప్రచారం అవాస్తవం". వ్యాకరణంలో వంక పెట్టడానికి లేదు. కానీ ఫోను తెర మీద అది "మన పాఠశాలలో ఆరవ తరగతి తెలుగు విభాగం ఈ విద్యా సంవత్సరం నుండి మూసివేయ..." అని ఆగిపోయినది. ప్రాణం ఉన్న రెండు మాటలూ చుక్కలలో కలిసిపోయినాయి. ఎవరో ఆ తెరను ఫొటో తీసి వాట్సాప్‌లో పంచినారు. "బడివారే ఒప్పుకున్నారు" అన్నారు జనం. లోపలికి వెళ్లి చదివిన వారెందరు? రెండు కుటుంబాలు అప్పటికే టి.సి. తీసుకొని వెళ్లిపోయినాయి. తరువాత శీర్షిక మార్చినారు: "తెలుగు విభాగం కొనసాగుతుంది: ఆరవ తరగతి ప్రవేశాలు". దీనిని ఎక్కడ కోసినా నష్టం లేదు. వెళ్లిన పిల్లలు మాత్రం తిరిగి రాలేదు.

కనుక శీర్షికలో ముందుగా విషయం, ఆ వెంటనే చోటు రావాలి. తక్కినవి ఆ తరువాత. వీలైతే క్రియ లేకుండా నామవాచకాలతో ముగించండి. క్రియ తప్పనిసరి అయితే, పైన చూసినట్లు మొదటి మూడు నాలుగు మాటలలోనే వాక్యం పూర్తిచేసి, వివరం వెనుక పెట్టండి. "కాదు", "లేదు" వంటివి చివర వచ్చే వాక్యాన్ని శీర్షికగా వాడవద్దని నా గట్టి మనవి. పుకారును ఖండించడానికి పుకారునే మొదట వ్రాయడం ఎందుకు? ఒడియాలోనూ క్రియ చివరనే వస్తుంది. మా ఒడియా పండితులవారికి ఈ సంగతి చెబితే, ఆయనా తమ పాఠశాల పేజీలు తీసి చూసుకున్నారు.

అక్షరాల లెక్క గురించి కూడా ఒక మాట. అరవై అక్షరాలు దాటవద్దని ఇంగ్లీషు పుస్తకాలలో ఉంటుంది. ఆ కొలత మనకు పనికిరాదు. "రాష్ట్రం" అన్న మాటలో మన కంటికి ఉన్నవి రెండే అక్షరాలు. యంత్రం దానిని ఎనిమిదిగా లెక్కిస్తుంది: ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న. "శ్రీ" మనకు ఒకటి, దానికి నాలుగు. ఇంతాచేసి ఫలితాల పేజీలో కోత పడేది ఈ లెక్కను బట్టి కూడా కాదు, అక్షరాలు తెర మీద ఆక్రమించిన వెడల్పును బట్టి. మన అక్షరాలు గుండ్రంగా, వెడల్పుగా ఉంటాయి కదా. అందుచేత లెక్కలు మాని, ఒక సాధారణమైన ఫోనులో పేజీని వెదికి, ఏ మాట దగ్గర తెగిందో కంటితో చూడడమే మంచి పద్ధతి. ఐదారు మాటలలో అర్థం తెలిస్తే ఇక భయం లేదు.

ఆ ఐదారు మాటలూ ఎవరి మాటలు కావాలి? ఇక్కడ మన పండితవర్గంతో నాకు కొంచెం పేచీ ఉన్నది. "తెలుగు మాధ్యమ ప్రాథమికోన్నత పాఠశాలయందు ప్రవేశములు" అని వ్రాస్తే మనకు తృప్తిగా ఉంటుంది. కానీ వెదికే తల్లి "తెలుగు మీడియం స్కూల్ అడ్మిషన్" అని అడుగుతుంది. "ప్రాథమికోన్నత" అన్న మాటను ఏ తల్లీ ఫోనులో పలకగా నేను వినలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయులుగా పనిచేసినది మనకు పొరుగున ఉన్న పర్లాకిమిడిలో. సవర భాష నేర్చుకొని, సవర పిల్లల చదువు కోసం పాటుపడినదీ ఈ కొండల దగ్గరనే. జనం మాట్లాడే భాషకు గ్రంథంలో చోటుండాలని జీవితమంతా వాదించినారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినప్పుడు ఊరు విడిచి వెళ్లిపోయినారు. ఆయన వాదం గెలిచి ఎన్నో దశాబ్దాలైనా, బడి పేజీ శీర్షికల దగ్గర మనం ఇంకా గ్రాంథికం విడవలేదు. పాఠంలో "మాధ్యమం" నేర్పుదాం, శీర్షికలో "మీడియం" వ్రాద్దాం. అందులో తెలుగుకు అవమానం ఏమీ లేదు.

నోటితో వెదకడం పెరిగిన తరువాత ఇది మరీ అవసరమైనది. 2017 ఆగస్టు నుండి గూగుల్‌లో తెలుగు మాట్లాడి వెదకవచ్చును. మాట్లాడేవారు మాట్లాడే భాషలోనే అడుగుతారు.

ఇంకొక చిక్కు మన ప్రాంతానికి ప్రత్యేకం. ఇక్కడ చాలామంది తెలుగు తల్లిదండ్రులు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని, చదివినది ఒడియాలోనో ఇంగ్లీషులోనో. వారికి తెలుగు లిపి కష్టం. తమకు రానిది పిల్లలకైనా రావాలని మన దగ్గరకు వస్తారు. నిజానికి మన బడికి అత్యవసరమైన తల్లిదండ్రులు వీరే. వీరు వెదికేది ఇంగ్లీషు అక్షరాలలో. అలాగని తెలుగు పేజీకి ఇంగ్లీషు శీర్షిక తగిలించడం పరిష్కారం కాదు. శీర్షిక ఒక లిపిలో, పేజీ మరొక లిపిలో ఉంటే, పేజీలో ఉన్న భాషకు తగినట్లు శీర్షికను తామే మార్చి చూపవచ్చునని 2022 జూన్‌లో గూగుల్ తెలిపినది. చిన్నదైనా సరే, ఒడియాలో ఒక పేజీ, ఇంగ్లీషులో ఒక పేజీ వేరుగా పెట్టి, వాటికి ఆయా లిపులలోనే శీర్షిక, వివరణ వ్రాయడం సరైన పద్ధతి. ఒడియా పేజీ వ్రాయడానికి సహోపాధ్యాయులు సహకరిస్తారు. అడగడమే ఆలస్యం.

వివరణ దగ్గర మనవారి కలం మరీ విజృంభిస్తుంది. "తేనెలొలుకు తెలుగు భాషా సంస్కృతుల పరిరక్షణ అనే మహత్తర ఆశయంతో, విద్యాదాతల సహాయ సహకారాలతో..." అని మొదలై, ఆశయం పూర్తికాకముందే చుక్కలు వచ్చేస్తాయి. శుభలేఖ మీద శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు ఉండాలి. ఇక్కడ వాటికి చోటు లేదు. వివరణ అంటే సంగ్రహ రచన. మూడవ వంతుకు కుదించమని పిల్లలకు చెబుతామే, అదే పని. రాయగడలో ఒక బడి ఉన్నదనుకుందాం. దాని వివరణ ఇట్లా ఉండవచ్చును: "రాయగడ (ఒడిశా)లో 1 నుండి 7వ తరగతి వరకు తెలుగు మీడియం. ఒడియా, ఇంగ్లీషు కూడా బోధిస్తారు. అడ్మిషన్లు మార్చి నుండి. కావలసిన కాగితాలు, బడికి దారి వివరాలు." ఎవరికి, ఎక్కడ, ఏమిటి, ఎప్పుడు అన్నవి వచ్చినాయి. "అత్యుత్తమ", "ప్రతిష్ఠాత్మక" అన్న మాటలు రాలేదు. వాటిని ఎవరూ వెదకరు, చదివినా నమ్మరు. లోపల లేనిది వివరణలో చెప్పకండి. బస్సు సౌకర్యం ఉన్నదని ఆశతో లోపలికి వచ్చిన తండ్రికి అది కనపడకపోతే, తక్కిన మాటలు కూడా నమ్మడు.

వివరణ కొలత కూడా స్థిరమైనది కాదు. 2017 చివరలో గూగుల్ దానికి చోటు ఇంచుమించు రెట్టింపు చేసినది. పొడుగుగా తిరగవ్రాసుకున్నవారు కుదుటపడేలోగా, 2018 మే నెలలో మళ్లీ తగ్గించినది. కొలత వెంట పరుగెత్తక, మొదటి వాక్యంలోనే సారం ఉంచేవారికి ఈ మార్పులతో పని లేదు. అన్ని పేజీలకూ ఒకే వివరణ అతికించే అలవాటు కూడా మానవలెను. ప్రవేశాల పేజీది వేరు, గ్రంథాలయం పేజీది వేరు.

మన దగ్గర ఉన్న మంచి రచనలు కూడా ఈ లోపం వలన మరుగున పడుతున్నాయి. జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి భూరి విరాళాలు ఇచ్చిన దాత. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టినారు. ఆయన మీద చక్కని వ్యాసం వ్రాసి "మన మహారాజు" అని శీర్షిక పెడితే, విశాఖపట్నంలో ప్రాజెక్టు వ్రాసుకొనే విద్యార్థికి అది దొరికేదెలా? "జయపురం మహారాజు విక్రమదేవ వర్మ" అంటే దొరుకుతుంది. పాత ఫాంట్లతో డీటీపీ చేసిన పత్రికా సంచికలు, ఫొటో తీసి పెట్టిన నోటీసుల సంగతి వేరే చెప్పాలి. వాటిలోని అక్షరాలు యంత్రానికి సరిగా అందవు. యూనికోడులో వ్రాసిన ఒక మంచి శీర్షిక, నాలుగు వాక్యాల వివరణ పైన చేర్చితే అవైనా వెదుకులాటకు అందుతాయి. ఈ వ్యాసానికి కూడా "అక్షర దీపం" అని పేరు పెట్టవలెనని నా చేతులు దురద పెట్టినాయి. మానుకున్నాను.

మొన్న ఏడవ తరగతి పిల్లలకు దీనినే అభ్యాసంగా ఇచ్చినాను. మా గ్రంథాలయం గురించి ఒక పేరా ఇచ్చి, బస్సు బోర్డు మీద పట్టేటంత శీర్షిక వ్రాయమన్నాను. "విజ్ఞాన భాండాగారం" అని ముగ్గురు వ్రాసినారు. ఒక పిల్ల "తెలుగు కథల పుస్తకాలు, మా బడి, రాయగడ" అని వ్రాసినది. ఎందుకట్లా వ్రాసినావు తల్లీ అని అడిగితే, "పార్వతీపురం బస్సు మీద దేవుడి పేరు పెద్దగా ఉంటుంది మాస్టారూ, కానీ మా అమ్మ ఎక్కేది ఊరి పేరు చూసి" అన్నది. ఆ పిల్లకు రెండు మార్కులు వేసినాను.

ఒడిశాలో బడి సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, ఆంధ్రలో జూన్‌లో. సరిహద్దు దాటి వచ్చే కుటుంబాలకు ఈ తేడా తెలియక ఆలస్యంగా వస్తుంటారు. కనుక ప్రవేశాల పేజీ వివరణలో నెల పేరు తప్పక ఉండాలి. శీర్షికలో సంవత్సరం వ్రాసే అలవాటు ఉంటే, ఫిబ్రవరి ముగిసేలోగా దానిని మార్చండి. గడచిన ఏడు అంకె కనిపిస్తే బడి ఇప్పుడు నడవడం లేదని అనుకొనేవారు ఉన్నారు. మార్చిన వెంటనే ఫలితాలలో మార్పు కనిపించదు, యంత్రం మళ్లీ వచ్చి చదువుకొని పోవాలి. అందుకు కొన్ని రోజులు, ఒక్కొక్కప్పుడు కొన్ని వారాలు పడుతుంది.